28 ఎం.ఎం. కార్బురేటర్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 28 ఎం.ఎం. కార్బురేటర్ గారి దివ్యసముఖానికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అనాలి గానీ ఇక్కడ కుశలంగా ఉన్నది తమరొక్కరే. గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కి పెట్టడమే తమరి ఉద్యోగం, 28 ఎం.ఎం. తమరి నోటి కొలత; నా యమహా ఆర్‌ఎక్స్ 100 బండికి పాత 20 ఎం.ఎం. తీసేసి తమరిని బిగించుకున్నాను. నిన్న సాయంత్రం బెంగళూరు సిల్క్ బోర్డు దగ్గర, ముందు సిటీ బస్సు, పక్కన నీళ్ల ట్యాంకరు, వెనక హారన్ మీద చెయ్యి తీయని క్యాబ్ ఉండగా, తమరు ‘బ్వా’ అని ఒక్క ఆవులింత తీసి బండిని ఆపేశారు. కిక్ కొట్టీ కొట్టీ పిక్క పట్టేశాక, ఫుడ్ డెలివరీ కుర్రాడొకడు, మదనపల్లె వాడట, జాలిపడి తన ఎలక్ట్రిక్ స్కూటర్ మీద కూర్చునే నా ఫుట్‌రెస్ట్‌కి కాలు ఆనించి బొమ్మనహళ్లి దాకా తోసుకొచ్చాడు. దారి పొడుగునా ఎవరికో ఫోన్లో సర్దిచెబుతూనే ఉన్నాడు, "లేటవుద్దండీ, బండి ఆగిపోయింది, నాది కాదండీ, ముందున్న అన్నది" అని. ఆర్‌ఎక్స్ 100ని బ్యాటరీ బండి తోసింది సార్. చప్పుడు కూడా చేయకుండా తోసింది.

తమరికి మర్యాదలో ఏం లోటు చేశానో చెప్పండి. తమరొస్తున్నారని సిలిండర్‌కి పోర్టింగ్ చేయించాను, అంటే లోపలి గాలి దారులు అరగదీయించాను, ఎక్స్‌పాన్షన్ చాంబర్ అనే పొట్ట ఉబ్బిన సైలెన్సర్ పెట్టించాను. తమరిని ఇంజిన్‌కి కలిపే, తమరి నోటికి సరిపడే ఇంటేక్ రబ్బర్ కోసం జేసీ రోడ్డులో షాపు షాపూ ఎక్కి దిగాను. పాత యాక్సిలరేటర్ కేబుల్ అందకపోతే కొత్తది వేశాను, ఫిల్టర్ అడ్డొస్తోందని సైడ్ ప్యానెల్ ఊడదీసి అటక మీద పెట్టాను. అసలే ఏపీ నంబరు బండి, ఇక్కడ ప్రతి సిగ్నల్లో ఒకసారి ఆపుతారు, ఇప్పుడు ప్యానెల్ కూడా లేకపోయేసరికి రెండోసారీ ఆపుతున్నారు. ఇక తమరితోపాటు కవర్లో వచ్చిన జెట్ల సంగతి, అదే పెట్రోలు వచ్చే సన్న బెజ్జాల బిళ్లల సంగతి, ఎత్తకపోవడమే మంచిది. అంకె పెరిగితే బెజ్జం పెద్దదవ్వాలి. ఒకే రాగి తీగ ముక్క 115 అని రాసున్న జెట్టులో హాయిగా దూరిపోయింది, 120 అని రాసున్నదాంట్లో సగంలో ఇరుక్కుంది. ఆ అంకెలు ఎవరు చెక్కారో గానీ లాటరీ టికెట్లు అచ్చేసే చోట పనిచేసి వచ్చుంటారు.

ఇవన్నీ చిన్న విషయాలు, వదిలేద్దాం. నాకు నిద్ర పట్టనివ్వనిది తమరి సైజు.

వెంచురీ అనే ఇటలీ ప్రొఫెసరు పారే నీళ్ల మీద తన ప్రయోగాలు అచ్చు వేయించింది 1797లో, తమరి సంగతి అప్పుడే తేలిపోయింది. దారి ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం పడిపోతుంది, ఆ పడిపోయిన పీడనమే కింద ఫ్లోట్ బౌల్లో ఉన్న పెట్రోల్ని జెట్టులోంచి పైకి లాగుతుంది. 20 నుంచి 28కి ఎనిమిదే కదా తేడా అనిపిస్తుంది గానీ, 20ని 20తో, 28ని 28తో హెచ్చవేసి చూస్తే 400 ఎక్కడ, 784 ఎక్కడ? దారి దాదాపు రెట్టింపైంది. అదే గాలి రెట్టింపు దారిలోంచి పోతే వేగం సగం, వేగం సగమైతే లాగే బలం నాలుగో వంతు. కొబ్బరిబొండాంలో స్ట్రా తీసేసి పీవీసీ పైపు పెట్టి తాగమన్నట్టుంది వ్యవహారం. యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే తలుపు, ఆ స్లైడ్ కొంచెమే లేపితే నోరు ఇరుకుగానే ఉంటుంది కదా అని తమరి తరఫు వకీళ్లు అంటారు, నిజమే, కానీ బస్సుకీ ట్యాంకరుకీ మధ్య మూరెడు సందు దొరికిందని ఒక్కసారి తిప్పామా, స్లైడ్ లేస్తుంది, ఇంజిన్ ఇంకా నిమిషానికి 2,500 చుట్ల దగ్గరే ఉంటుంది, గాలి వస్తుంది, పెట్రోలు రాదు. అదీ ఆ ‘బ్వా’.

సరే, పెట్రోలు అందట్లేదని పైలట్ జెట్టు, అదే కొద్దిగా తిప్పినప్పుడు పెట్రోలిచ్చే చిన్న జెట్టు, ఒక సైజు పెంచాం. స్లైడ్‌తోపాటు లేచే సూది, నీడిల్, దాని క్లిప్పు ఒక గాడి కిందకి దించి ఇంకొంచెం పెట్రోలు వచ్చేలా చేశాం. మధ్యలో తడబడే ఆ గ్యాప్ పోయింది, పోయిందని సంబరపడి టీ తాగి వచ్చేలోపు ఐడ్లింగ్‌లో పెట్రోలు మింగేసి స్పార్క్ ప్లగ్గు తడిసి చచ్చింది. విప్పితే నల్లగా, జిగటగా, కంపు. దాన్ని పాత టూత్‌బ్రష్‌తో తోమి, చొక్కా అంచుతో తుడిచి మళ్లీ బిగిస్తే రెండు సిగ్నళ్లు నడుస్తుంది. తమరికి ఆకలైనా కష్టమే, కడుపు నిండినా కష్టమే. చెన్నైలో ఉన్న మా బాబాయి కొడుకుని అడిగితే "నాకు ఈసీఆర్ మీద సూపర్‌గా పోతుందిరా" అని, అంటే సముద్రం పక్క ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద, తన జెట్టు నంబరు వాట్సాప్ చేశాడు. వాడుండేది సముద్రం ఒడ్డున, మేముండేది 900 మీటర్ల ఎత్తున, ఇక్కడ గాలే ఎనిమిది తొమ్మిది శాతం పలచన. వాడి నంబరు పెడితే ఇంకా నల్ల పొగ. మెకానిక్కు మాత్రం ప్రశాంతంగా "స్వల్ప అడ్జస్ట్ మాడి సార్" అన్నాడు, కొంచెం సర్దుకోండి అని. ఎవరిని, నన్నా, కార్బురేటర్నా?

ఇక మా రూమ్మేట్. వాడికి మాజ్దా కార్ల రోటరీ ఇంజిన్ల పిచ్చి, పిస్టన్ బదులు రోటర్ తిరిగే రకం, జన్మలో ఒక్కటీ కళ్లారా చూళ్లేదు, రాత్రిళ్లు వీడియోలు చూస్తాడు. "1308 సీసీ 13బీ ఇంజిన్‌కి పోర్టింగ్ చేసి 48 ఎం.ఎం. వెబర్ కార్బురేటర్ పెడతార్రా, అదీ రెండు నోళ్లది. నీ బండికి 28 ఎక్కువా?" అంటాడు. వాడి మాట విని ఊరుకోలేక కాగితం తీసుకున్నాను. రోటరీలో ఒక్కో రోటర్ 654 సీసీ. షాఫ్టు ఒక్క చుట్టు తిరిగేసరికి ఒక్కో రోటర్ ఒకసారి నిండుగా పీలుస్తుంది, మామూలు ఫోర్ స్ట్రోక్ సిలిండర్‌కి అదే పనికి రెండు చుట్లు కావాలి. అందుకే పేరుకి 1.3 లీటర్లైనా అది తాగే గాలి 2.6 లీటర్ల ఇంజిన్ తాగినంత. పైగా ఆ 48 త్రాటిల్ ప్లేటు దగ్గరి కొలత, లోపల అసలు ఇరుకు చేసే వెంచురీ వేరే ఉంటుంది, అంతకంటే చిన్నది, ఇంజిన్‌ని బట్టి మార్చుకోవచ్చు కూడా. అదీ పోనీ, 48నే లెక్కేసుకుందాం. నా టూ స్ట్రోక్ కూడా చుట్టుకొకసారే పీలుస్తుంది కాబట్టి పోలిక సరిపోతుంది. ఒక్క నోటికి ఒక్క రోటర్, 654కి 48 అయితే, నోటి వైశాల్యం లెక్కన అదే నిష్పత్తిలో నా బండి 98 సీసీకి ఎంత?

18 చిల్లర.

చెప్పాను కదా, నిద్ర పట్టదు. సరే, రోటరీ వేరే జాతి అనుకుని ఆర్‌డీ 350 బైకు లెక్క తీశాను. అది మన రక్తమే, యమహానే, 347 సీసీ, రెండు సిలిండర్లు, రెండు 28లు. అంటే ఒక్కో 28 నోరు 173 సీసీని పోషిస్తోంది. ఆ లెక్కన నాకు రావలసింది 21. యమహా వాడు బండితో ఇచ్చింది 20. జపాన్‌లో ఎవడో కూర్చుని ఈ లెక్క మొత్తం మనకంటే ముందే వేసేశాడు. పోర్టింగ్ చేసి, ఆర్‌పీఎం పైకి జరిపాం కాబట్టి 22 పెట్టు, మరీ ముచ్చటైతే 24 పెట్టు. రోడ్డు మీద తిరిగే బండికి 24 దాటడం నా దృష్టిలో పెళ్లి ఫొటోకి పనికొస్తుందంతే.

మరి 28 ఎందుకు? పొద్దున్నే ఐదింటికి నందిహిల్స్ రోడ్డు మీద, ఎవరూ లేనప్పుడు, పూర్తిగా తిప్పి పట్టుకుంటే 7,000 దాటాక బండి ఒక్కసారి ముందుకి దూకుతుంది చూడండి, అప్పుడు తమరి మొహాన మాట అనలేం. ఆ అరుపుకి వెన్నులో జిల్లుమంటుంది. అది అబద్ధం అనను. కానీ మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా నా యాక్సిలరేటర్ ఎనిమిదో వంతు దాటదయ్యా! ఎనిమిదో వంతులో, పూర్తిగా తిప్పినప్పుడు పనిచేసే మెయిన్ జెట్టుకి పని లేదు, నీడిల్‌కి పెద్దగా పని లేదు, పైలట్ జెట్టు ఒక్కటే కూలీ. అంటే వారంలో ఐదు రోజులు నీ పెద్ద నోరు నాకు అడ్డం తప్ప దేనికీ పనికిరాదు. ఆఫీసుకి పోవాలి నేను. నీకోసం తెల్లారుజామున ఐదింటికి పోవాలా? లీటరుకి 45 ఇచ్చే బండి పాతిక దగ్గర చతికిలబడింది, ఆ డబ్బులు నువ్విస్తావా? ఇదే బండి మీద మా నాన్న ఆ పిడికెడు 20తో నన్నూ, చెల్లినీ, అమ్మనీ, హ్యాండిల్‌కి రెండు కూరల సంచులనూ అనంతపురం టవర్ క్లాక్ మీదుగా ఒక్క గ్యాప్ లేకుండా ఏళ్ల తరబడి తిప్పాడు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే అడుగుతాడు, "ఏరా, పాతది పారెయ్యలేదు గదా?" అని. పారెయ్యలేదు నాన్నా. ఈనాడు పేపర్లో చుట్టి పెట్టాను. రాత్రే విప్పి, పెట్రోల్లో కడిగి, ఫ్లోట్ పిన్ను మార్చి బిగించాను, పోర్టింగ్ అయిన సిలిండర్‌కి సరిపోయేలా మెయిన్ జెట్టు ఒకటి పెంచాను. రెండో కిక్‌కే అందుకుంది, దాని గొడవ అయిపోయింది.

నిన్ను అమ్మకానికి పెట్టాను. ఫొటోలో 28 అన్న అంకె బాగా కనిపించేలా తీశాను, నీలో అమ్ముడుపోయేది అదొక్కటే. అరగంట కాకముందే మెసేజ్ వచ్చింది: "బ్రో, స్ప్లెండర్‌కి పడుతుందా? ఇంతకంటే పెద్దది ఉందా?"

పడుతుంది, వచ్చి తీసుకెళ్లమన్నాను. జెట్లు ఫ్రీ అని కూడా చెప్పాను.