హెయిర్ బొటాక్స్ వేరు, నుదుటి సూది వేరు

ఈ వారంలో ఐదుగురు పంపారు ఆ మెసేజ్. "పెళ్లికొడుకులకు శుభవార్త! బొటాక్స్‌కి డాక్టర్ అక్కర్లేదు, సెలూన్ చాలు. ముహూర్తానికి రెండు రోజుల ముందు వేయించుకోండి. మగవాళ్ల చర్మం మందం, సైడ్ ఎఫెక్ట్స్ రావు. సూదంటే భయమా, బొటాక్స్ క్రీమ్ రాసుకోండి. మగాడికెందుకు అనేవాళ్లను పట్టించుకోకండి."

క్రీమ్ దండగ. బొటాక్స్ అంటే ముడతలు పోయేలా కండరాన్ని సడలించే టాక్సిన్, అదొక ప్రొటీన్. అంత పెద్ద ప్రొటీన్ రాసుకుంటే కండరం దాకా దిగదు. రెండు రోజుల ముందా? సూది పని మొదలవడానికే మూడు నాలుగు రోజులు, పూర్తిగా తెలియడానికి రెండు వారాలు పడుతుంది.

మందం చర్మంతో దీనికి పనే లేదు. ఇది కండరాన్ని కదిలించే నరం కొసన పనిచేస్తుంది. కనుబొమల మధ్య గీతలకు మామూలు మోతాదు ఐదు చోట్ల కలిపి 20 యూనిట్లు. మగవాళ్ల కండరాలు బలంగా ఉంటాయని చాలామంది డాక్టర్లు ఇంకా ఎక్కువే వేస్తారు. మోతాదు పెరిగితే జాగ్రత్త తగ్గాలా?

నన్ను మండించింది సెలూన్ మాట. అక్కడి 'హెయిర్ బొటాక్స్'లో ఆ టాక్సిన్ చుక్క కూడా ఉండదు, అది జుట్టుకు పట్టించే కండిషనింగ్. జుట్టుకు వేసే అన్నే నుదుటికీ వేస్తాడని మా పిన్ని కొడుకు నమ్మాడు. వారానికల్లా ఎడమ రెప్ప సగం వాలింది. తలంబ్రాల ఫొటోలన్నిటిలో గడ్డం పైకెత్తి ఉన్నాడు, ఆ రెప్ప కిందనుంచి పెళ్లికూతురు కనబడాలి కదా! ఏ కంపెనీ సీసా, ఫ్రిజ్‌లో పెట్టారా, సెలైన్ ఎంత కలిపారు అని అడిగితే, వేసినవాడు నోరు విప్పలేదు. వేసిన టాక్సిన్ ప్రభావాన్ని అప్పటికప్పుడు తీసేసే విరుగుడు లేదు. ఆరు వారాలు పట్టింది. మావాడిది రెప్పతో పోయింది. 2024లో అమెరికాలో నకిలీ బొటాక్స్ వేయించుకున్న కొందరు ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. మింగడం కష్టమైనా, ఊపిరి ఆడకపోయినా అదే తగ్గుతుందిలే అని ఇంట్లో కూర్చుంటారా? ఇది పంపినవాళ్లు మీ తమ్ముడికైతే సెలూన్‌లో వేయిస్తారా?

చివరి మాట మాత్రం ఒప్పుకుంటాను. మగాడికెందుకు అని మొన్నటిదాకా నేనూ అన్నాను, అది తప్పు. 1989లో అమెరికాలో మెల్లకన్నుకు మందుగా అనుమతి పొందిన సూది ఇది. తెలిసినవాళ్ల చేతిలో మంచి మందే. కావాలంటే చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్లండి, పెళ్లికి నెల ముందే. నరాలు, కండరాల జబ్బేదైనా ఉంటే ముందే చెప్పండి. సీసా మీద పేరు, గడువు తేదీ చూశాకే నుదురు అప్పగించండి.