కోడి పొదిగిన హెల్మెట్

మా జిల్లాలో హెల్మెట్‌కు తల తప్ప అన్నిచోట్లా ఆశ్రయం దొరుకుతుంది. కొందరి మోచేతికి వేలాడుతుంది, కొందరి బండి అద్దానికి తగిలించి ఉంటుంది. నల్లగొండ గడియారం సెంటర్‌లో పోలీసులు కనిపిస్తే మాత్రం ఒక్క నిమిషం నెత్తికెక్కి, మలుపు తిరగగానే దిగిపోతుంది. చెర్వుగట్టు వైపు ఉండే మా బావ హెల్మెట్‌కు ఆ ఒక్క నిమిషం యోగం కూడా లేదు. ఐఎస్‌ఐ గుర్తు చూసి మరీ కొన్న వస్తువు వసారాలో తవుడు బస్తా పక్కన వెల్లకిలా పడి ఉండేది.

దాని విలువ గుర్తించింది మా అక్క పెంచే నాటుకోడి. గుండ్రటి గిన్నె, లోపల మెత్తటి గుడ్డ, ఆ వెనుక మందంగా థర్మోకోల్. హెల్మెట్‌కు ప్రాణం ఆ థర్మోకోలే. తల నేలకు కొట్టుకున్నప్పుడు తాను నలిగి దెబ్బను మింగుతుంది. అందుకే ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను మళ్లీ వాడకూడదంటారు. పైగా అది వేడిని బయటికి పోనివ్వదు. ఇవన్నీ కోడికి ఎవరు చెప్పారో గానీ, అందులో గుడ్లు పెట్టి పొదగడానికి కూర్చుంది.

బావ చెయ్యి పెట్టబోతే పొడిచింది. అక్క అంతకంటే గట్టిగా అందుకుంది: "21 రోజులు దాని జోలికి వెళ్లారంటే ఊరుకోను. ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడే తల గుర్తొచ్చిందా?"

నిజానికి బావకు కావలసింది అదే. హెల్మెట్ ఏదని ఎవరడిగినా చెప్పడానికి జీవకారుణ్యంతో కూడిన కారణం దొరికింది. అది చాలదన్నట్టు, మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షన్ తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఇచ్చిందని ఎక్కడో విని, ఎర్రచారల తువ్వాలు తలకు చుట్టుకుని పట్నం బయలుదేరాడు. కానిస్టేబుల్ ఆపాడు.

"ఇది తలపాగా" అన్నాడు బావ.

"మీరు సిక్కులా?"

"కాదు, రైతును."

కానిస్టేబుల్ వాదన పెట్టుకోలేదు, ఫొటో తీసుకున్నాడు. సాయంత్రానికల్లా తువ్వాలు చారలతో సహా చలానా ఫోనుకు వచ్చింది. పెళ్లి ఫొటో కంటే ఇదే బాగుందని అక్క అభిప్రాయం.

ఇంజనీరింగ్ చదివే మేనల్లుడు లెక్కలతో దిగాడు. హెల్మెట్ వల్ల తలకు గాయమయ్యే ముప్పు దాదాపు 69 శాతం, ప్రాణం పోయే ముప్పు 42 శాతం తగ్గుతాయని ఎన్నో పరిశోధనలు కలిపి చూసి తేల్చారన్నాడు. "మరి మిగిలిన 58 శాతం మాటేమిటి?" అని బావ ఎదురు బేరానికి దిగాడు. బావకు తెలిసిన శాతం ఒక్కటే. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు.

ఆ 17 కోసమే యాసంగి కోతలప్పుడు మా దగ్గర తారురోడ్డు కల్లమైపోతుంది. సగం రోడ్డు మీద వడ్లు, చుట్టూ రాళ్లు, చీకటి పడితే పైన నల్లటి పట్టా. నల్లటి రోడ్డు మీద నల్లటి పట్టా ఎవరికి కనిపిస్తుంది? ఒక రాత్రి బావ బండి ముందు చక్రం రాయెక్కింది. బండి ఒక పక్కకు, బావ వడ్లలోకి. కుడి చెవి పైభాగం ఇంకో రాయిని ఒరుసుకుంది. లేచి కూర్చుని, రోడ్డు మీద రాళ్లు పెట్టినవాడి వంశాన్నంతా పేరుపేరునా తిట్టాడు. టార్చిలైటు వేసి చూస్తే వడ్లు ఆయనవే. రాళ్లు కూడా ఆయనే పేర్చాడు.

ఆసుపత్రిలో కుట్లు వేస్తూ డాక్టరు అడిగాడు: "హెల్మెట్ ఏదండీ?"

"కోడి పొదుగుతోంది."

డాక్టరు సూది పక్కన పెట్టి, బావ కళ్లలోకి లైటు వేసి చూశాడు. ఇది ఏ రోజు, ఏ నెల అని అడిగాడు. వెంటనే తలకు స్కానింగ్ రాశాడు. కోడి సంగతి నిజమేనని అక్క ఎంత చెప్పినా వినలేదు; ఆవిడకూ తల తిరుగుతోందా అని అడిగాడు. స్కానింగ్‌లో ఏమీ లేదు. బిల్లులో మాత్రం చాలా ఉంది.

పిల్లలు బయటికి వచ్చాక ఆ హెల్మెట్‌ను వాసన చూసినవాళ్లెవరూ తల పెట్టే సాహసం చేయలేదు. కుట్లు విప్పించుకున్న రోజే బావ కొత్తది కొనడానికి దుకాణానికి వెళ్లాడు.

"ముందు అద్దం గట్టిగా మూసుకునేది చూపించు బాబూ, కోడి దూరకూడదు."

దుకాణం అబ్బాయి కాసేపు ఆలోచించాడు. "అద్దం మూస్తే ఏం లాభం సార్, అది దూరేది కింది నుంచి కదా. మీ తల లోపల ఉంటే మాత్రం దానికి చోటుండదు."