విశ్వం ఎవరో రాసిన ప్రోగ్రామ్ అని లెక్కలు చెప్పలేదు

బెంగళూరులో మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో మళ్ళీ ఆ వీడియో తిరుగుతోంది. స్ట్రింగ్ థియరీ (కణాలన్నీ సన్నని తీగల కంపనాలే అనే సిద్ధాంతం) సమీకరణాల్లో కంప్యూటర్ కోడ్ దొరికిందట, కాబట్టి ఈ విశ్వం ఎవరో రాసిన ప్రోగ్రామేనట. మారతహళ్ళిలో ఒక సభలో వక్త కూడా ఇదే చెప్పి, సున్నా అంటే మాయ, ఒకటి అంటే బ్రహ్మం అని తేల్చేశారు. హాల్లో సగం మంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే. ఒక్కరూ ప్రశ్న అడగలేదు, చప్పట్లు మాత్రం కొట్టారు. నాకు నిజంగా కోపం వచ్చింది. అసలు విషయం దీనికన్నా ఎంతో గొప్పది మరి.

అమెరికా భౌతిక శాస్త్రవేత్త జేమ్స్ గేట్స్, ఆయన సహచరులు సూపర్‌సిమెట్రీ సమీకరణాలను బొమ్మలుగా గీశారు. సూపర్‌సిమెట్రీ అంటే పదార్థ కణాలనూ, బలాలను మోసే కణాలనూ ఒకదానికొకటి జత చేసే సౌష్టవం. సూపర్ స్ట్రింగ్ థియరీ దాని మీదే నిలబడింది. తెల్ల చుక్కలు, నల్ల చుక్కలు, వాటిని కలిపే రంగు గీతలు. ఘనాలోని సంప్రదాయ చిహ్నాల పేరే తీసుకుని వాటిని అడింక్రాలు అన్నారు. ఒక్కో రంగు ఒక్కో సూపర్‌సిమెట్రీ మార్పు. దాన్ని వాడితే 1, వాడకపోతే 0. అలా ప్రతి చుక్కకీ సున్నాలు, ఒకట్ల వరుస ఒకటి వస్తుంది. ఇంతవరకు వింతేమీ లేదు. వాడామా లేదా అని లెక్క పెడితే ఎక్కడైనా బైనరీయే వస్తుంది. పద్యంలో ఉన్నవి లఘువు, గురువు రెండే కదా అని పద్యాన్ని ప్రోగ్రామ్ అంటామా?

వింత ఆ తర్వాత మొదలవుతుంది. ఈ బొమ్మల్ని మడిచి, చుక్కలను ఒకదానితో ఒకటి కలిపి చిన్నవి చేయొచ్చు. కానీ ఎలా పడితే అలా మడిస్తే ప్లస్, మైనస్ గుర్తులు పొసగవు. మడతను నిర్ణయించే ప్రతి వరుసలోనూ ఒకట్ల సంఖ్య 4తో భాగించబడాలి. అలాంటి వరుసల గుంపులు మనకు ముందే తెలుసు, అవి ఎర్రర్ కరెక్టింగ్ కోడ్‌లలో ఒక రకం. అంటే సున్నాలు, ఒకట్లలో (బిట్లలో) తప్పు దొర్లితే పట్టుకుని సరిదిద్దే వరుసలు, ప్రోగ్రామ్ కోడ్ కాదు. బెల్ ల్యాబ్స్‌లో సెలవురోజుల్లో ఏదైనా తప్పు వస్తే యంత్రం తన లెక్కను వదిలేస్తోందని విసిగి, రిచర్డ్ హామింగ్ 1950లో ప్రచురించిన పని నుంచి వచ్చినవే ఇవి. ఆయన కోడ్‌కు ఒక బిట్ కలిపితే 8 బిట్ల వరుసలు 16 వస్తాయి. ఒకదాంట్లో అన్నీ సున్నాలు, ఒకదాంట్లో అన్నీ ఒకట్లు, మిగతా 14లో సరిగ్గా నాలుగేసి ఒకట్లు. సర్వర్ మెమరీలో ఒక బిట్ తిరగబడితే సరిదిద్దేది ఈ కుటుంబమే. నా ఉద్యోగం ఆ మెమరీతోనే, అందుకే నాకింత పట్టింపు.

ఇంకా ఉంది. ఆ 8 బిట్ల కోడ్ నుంచే ఈ8 (E8) అనే లాటిస్, అంటే 8 డైమెన్షన్లలో క్రమంగా పేర్చిన బిందువుల జాలకం, కట్టొచ్చు. 1985లో గ్రాస్, హార్వే, మార్టినెక్, రోమ్ ప్రతిపాదించిన హెటెరోటిక్ స్ట్రింగ్ అనే ఒక రకం స్ట్రింగ్ థియరీలో కనిపించేది ఆ ఈ8నే. సెల్ఫ్ డ్యూయల్ అనే షరతు (కోడ్‌లోని ప్రతి వరుసతోనూ సరిసంఖ్యలో ఒకట్లు కలిసే వరుసలన్నీ ఆ కోడ్‌లోవే అయి ఉండాలి) కూడా పెడితే, ఒకట్ల సంఖ్య 4తో భాగించబడే 16 బిట్ల కోడ్‌లు రెండే రెండు. పది డైమెన్షన్లలో సూపర్‌సిమెట్రీ ఉన్న హెటెరోటిక్ స్ట్రింగ్ థియరీలూ రెండే, ఒక్కో కోడ్‌కు ఒక్కోటి. ఇది మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇందులో ప్రోగ్రామర్ ఎక్కడున్నాడు? స్ట్రింగ్ మీద బిట్లు రాసి ఉండవు, అది కంపిస్తుంది, అంతే. కోడ్‌లు దొరికింది మనం గీసిన సమీకరణాల అమరికలో, ఏ ప్రయోగశాలలోనూ కాదు. కణాలను ఢీకొట్టించి చూసే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ యంత్రంలో ఇంతవరకు ఒక్క సూపర్‌సిమెట్రీ కణం కూడా కనిపించలేదు. స్ట్రింగ్ థియరీకి ప్రయోగ రుజువు లేదు. ఈ రెండు మాటలు దాచి చెప్పేది సైన్స్ కాదు, వేదాంతం అంతకన్నా కాదు. వేదాంతానికి ఈ అరువు గొప్ప అవసరమా?

బాధేమిటంటే ఇది జరుగుతున్నది బెంగళూరులో. స్ట్రింగ్ థియరీలో ప్రపంచమంతా గౌరవించే అశోక్ సేన్ పనిచేసే ఐసీటీఎస్ (ఇంటర్నేషనల్ సెంటర్ ఫర్ థియరెటికల్ సైన్సెస్) ఇక్కడే, హెసరఘట్ట వైపు ఉంది. మామూలు జనం కోసం వాళ్ళు ప్రసంగాలు కూడా పెడతారు. వచ్చే సభకు అక్కడ చదువుకునే ఒక పరిశోధక విద్యార్థిని పిలవండి. మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుదాం. హాలు అద్దె నేను కడతాను.