డార్సీ దూకిన పేజీ

పోయిన ఆదివారం సంగతి. ఇంకా కడుపులో మండుతోంది కాబట్టి చల్లారకముందే రాసేస్తున్నాను.

మా ఆవిడ పెదనాన్నగారూ దొడ్డమ్మగారూ రాజమండ్రి నుంచి మాంచెస్టర్‌లో మా ఇంటికొచ్చారు. ఆయన డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఏదో ఒకటి చూపించాలి. చెషైర్‌లో లైమ్ పార్క్ మాకు దగ్గర. జేన్ ఆస్టిన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ని 1995లో బీబీసీ సీరియల్‌గా తీస్తే, అందులో హీరో డార్సీగారి పెంబర్లీ భవనం అదే. అదీ బయటి గోడల వరకే. లోపలి గదులు డెర్బీషైర్‌లోని సడ్బరీ హాల్లో తీశారు. అంటే డార్సీగారు గుమ్మం ఒక జిల్లాలో దాటి, హాలు ఇంకో జిల్లాలో ఎక్కుతాడన్నమాట. సరే, అందరం కారెక్కాం.

దార్లో మావయ్యగారు “నవల చదివారా అల్లుడుగారూ?” అన్నారు.

“నాలుగుసార్లు” అన్నాను.

నిజానికి నేను చదివింది డిగ్రీలో నాన్‌డీటెయిల్డ్. అందులోనూ గైడు. నాన్‌డీటెయిల్డ్ అంటే నవలని ఉతికి పిండి ఆరేసినది. గైడంటే దాన్ని ఇస్త్రీ చేసి, జేబులో పట్టేట్టు మడత పెట్టినది. సీరియల్ మాత్రం ఆరు ఎపిసోడ్లూ నాలుగుసార్లు చూశాను. కాబట్టి లెక్క తప్పు చెప్పలేదు, వస్తువు పేరే మారింది.

అత్తయ్యగారు కథేమిటని అడిగారు. డార్సీ చివరికి ఎలిజబెత్ అనే అమ్మాయిని చేసుకునే కథని ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. లేడీ కేథరిన్ తన కూతుర్ని డార్సీకి ఇద్దామనుకుంటుంది అనగానే, “ఆవిడేమవుతుంది అతనికి? మేనత్తా?” అన్నారు. వెనక సీట్లోంచి మావయ్యగారు, “కాదు. తల్లి తోడబుట్టింది” అన్నారు. అత్తయ్యగారు నోరు నొక్కుకున్నారు. “శివశివా! అంటే ఆ పిల్ల చెల్లెలు వరస కదుటే! ఆ ఎలిజబెత్తెవరో అడ్డుపడబట్టి సరిపోయింది.” రెండు వందల ఏళ్ళుగా ఆ నవల మీద ఎందరో ఎన్నో రాశారు కానీ ఈ పాయింటు ఎవరైనా లేవదీశారో లేదో.

సరే, దిగాం. ఇంటికి ఎదురుగా నీళ్ళు, నీళ్ళలో ఇంటి నీడ. గట్టున బ్యాడ్జీ పెట్టుకున్న వాలంటీరు పెద్దావిడ. ఫోటోల కోసం మరో పదిమంది. అంతమంది కనిపించేసరికి నాకు మైకు ఇచ్చినట్టయింది. ఆవిడకి కూడా అర్థం కావాలని ఇంగ్లీషులోనే అందుకున్నాను. డార్సీ చెరువులో దూకి, తడిసిన తెల్లచొక్కాతో వచ్చి ఎలిజబెత్‌కి ఎదురుపడే ఘట్టం ఈ నవలకి ప్రాణమనీ, దాన్ని జేన్ ఆస్టిన్ వర్ణించినట్టు ఇంకెవరూ వర్ణించలేరనీ చెప్పాను.

ఆ రెండో ముక్క అక్కర్లేదు. కానీ నోరు జారడం మొదలెట్టాక మధ్యలో బ్రేకులుండవు.

మావయ్యగారు భుజానికున్న సంచీలోంచి ఒక పుస్తకం తీశారు. అట్ట వేసినది, నిండా పెన్సిల్ గీతలు. రాజమండ్రి నుంచి ఆవకాయ జాడీ పక్కన ప్రయాణం చేసి వచ్చినది. నా చేతిలో పెట్టి, “పేజీ సెలవివ్వండి” అన్నారు.

ఇంక చూడండి నా అవస్థ. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో నవల. పేజీలు నేను తిప్పుదామంటే గాలి తిప్పుతోంది. నేను ముందుకి తిప్పితే అది వెనక్కి తిప్పుతోంది. పంచాంగంలో లేని ముహూర్తం వెతుకుతున్న పురోహితుడిలా నిలబడ్డాను. నా వెనక ఫోటోల కోసం ఆగినవాళ్ళు వరసగా మర్యాదగా నిలబడ్డారు. ఈ దేశంలో ఎవరూ తొయ్యరు, తిట్టరు. చిన్నగా దగ్గుతారు. ఆ దగ్గు కంటే మన బస్టాండు తిట్లు నయం. మా ఆవిడ సాయపడదామని ఫోన్లో వెతికింది, సిగ్నల్ లేదు. “తడి అన్న మాట ఎక్కడుందో చూడండి” అని సలహా మాత్రం ఇచ్చింది.

చివరికి పెంబర్లీ దొరికింది. నలభై మూడో అధ్యాయం. ఎలిజబెత్ మేనమామతో, ఆయన భార్యతో కలిసి బంగళా చూడ్డానికి వస్తుంది. డార్సీ హఠాత్తుగా ఎదురొస్తాడు. గుర్రపుశాలల వైపు దారిలోంచి. ఇద్దరి మధ్యా ఇరవై గజాలు. ఇద్దరి బుగ్గలూ కందిపోతాయి. అంతే. ఒంటి మీద చుక్క నీళ్ళు లేవు. ఇంకా ఆశ చావక పేజీ తిప్పాను. నీళ్ళు తగిలాయి! అమ్మయ్య అనుకుని గబగబా చదివితే, ఆ నీళ్ళలో చేపలున్నాయి. డార్సీ ఆ మేనమామగారితో మీకెప్పుడు కావాలంటే అప్పుడొచ్చి చేపలు పట్టుకోండి, గాలాలు నేనిస్తాను అంటున్నాడు.

ఆ పేరా పక్కన మార్జిన్లో పెన్సిల్‌తో చిన్న అక్షరాలు. “చొక్కా గొడవ లేదు.”

అంటే ఆయనకి ముందే తెలుసు! తెలిసీ పుస్తకం చేతికిచ్చి, వానలో నిలబెట్టి, పేజీ అడిగారు. మాస్టార్లతో వచ్చిన చిక్కే ఇది. రిటైరయినా ప్రశ్నపత్రం తయారుచెయ్యడం మానరు.

“సీరియల్ సీడీలు వచ్చాక పిల్లలు పరీక్షల్లో ఈ చొక్కా తెగ రాసేవారండీ,” అన్నారు తాపీగా. “రాసిన ప్రతివాడికీ సున్నా వేశాను.”

వాలంటీరు పెద్దావిడకి నా మీద జాలేసింది. చాలామంది ఇలాగే అనుకుంటారని ఓదార్చి, కథంతా చెప్పింది. ఈ తడి ఆండ్రూ డేవిస్ అనే స్క్రీన్‌ప్లే రచయిత పుట్టించిందట. ఆయన మొదట అసలు చొక్కాయే లేకుండా రాశాడట, ఇంకేమీ లేకుండా కూడా. బేరమాడి చొక్కా, పంట్లాం మిగిల్చారు. పోనీ డార్సీ వేషం వేసిన కోలిన్ ఫిర్త్ అయినా దూకాడా అంటే, ఆ చెరువు నీళ్ళలో ఎలుకల వల్ల వచ్చే జబ్బు ఉంటుందేమోనన్న భయంతో స్టంట్ మనిషిని దూకించారు. నీటి అడుగు దృశ్యం లండన్లో ఈలింగ్ స్టూడియో తొట్టెలో తీశారు. పుస్తకంలో దూకలేదు, గట్టున హీరో దూకలేదు. మునిగింది నేనొక్కణ్ణే.

అసలు ఈ డేవిస్‌ని ఎవరడిగారండీ? మన సినిమాల్లో హీరోయిన్ని వానలో తడపడం ఆనవాయితీ, ఆయన హీరోని తడిపాడు, బాగానే ఉంది. కానీ తడిపినప్పుడు కింద ఒక ముక్క వెయ్యొద్దూ, ఇది మా సొంత కల్పన, చదివినట్టు చెప్పుకోకండి అని? 2013లో లండన్ సర్పెంటైన్ సరస్సులో తడిచొక్కా డార్సీకి పన్నెండడుగుల బొమ్మ కూడా నిలబెట్టారు. రాయని సీనుకి విగ్రహం! నాలాంటివాడు నమ్మడా?

ఈ ఆవేశంలోనే ఎదురుదాడికి దిగాను. “మావయ్యగారూ, శశిరేఖ పెళ్ళి వ్యాసుడు రాశాడా? ‘మాయాబజార్’ చూసి మనం ఆనందించడం లేదూ?”

“ఆనందిస్తాం. కానీ ఆ సీను ఏ పర్వంలో ఉందో నేనెవరికీ చెప్పలేదే.”

దీనికి నా దగ్గర జవాబు లేదు. అత్తయ్యగారు “టీ తాగుదాం పదండి” అన్నారు, తల్లి.

కౌంటర్ దగ్గర పది పౌన్ల నోటు తీశాను. మావయ్యగారు చటుక్కున అందుకుని వెలుతురులో పెట్టి చూశారు. ఒక పక్క ఆస్టిన్ బొమ్మ. 2017 నుంచీ ఆ నోటు మీద ఆవిడే. బొమ్మ కింద ఒక వాక్యం ఉంటుంది, ఏమైనా చదవడాన్ని మించిన ఆనందం లేదు సుమా అని.

“ఈ మాట అన్నదెవరండీ, అల్లుడుగారూ?”

నవల్లోదే అయ్యుంటుంది. ఇంత చక్కటి మాట ఇంకెవరంటారు? “ఎలిజబెత్” అన్నాను.

“కారొలీన్ బింగ్లీ, నవల్లో డార్సీ మీద కన్నేసిన ఆవిడ. ఆవిడకి పుస్తకమంటే గిట్టదు. డార్సీ చదువుతున్నదానికి రెండో సంపుటమని చేత పట్టుకుని, ఓపిక నశించి, ఇంత ఆవలింత తీసి మరీ అంటుంది ఈ మాట. పదకొండో అధ్యాయం.”

వెనకాల ఎవరో చిన్నగా దగ్గారు. నోటు వెనక్కి లాక్కుని జేబులో పెట్టి, కార్డు ఆనించాను.