సూదికి చిక్కని థైరాయిడ్ క్యాన్సర్: ప్రొటీన్ మార్కర్లను ఎంతవరకు నమ్మాలి?

మెడ ముందు, థైరాయిడ్ గ్రంథిలో గడ్డ తగిలింది, సూది పరీక్ష చేయించారు, రిపోర్టులో ‘బెథెస్డా 3’ అని వచ్చింది. అంటే క్యాన్సర్ అని చెప్పలేరు, కాదనీ చెప్పలేరు. అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది.

సూది పరీక్ష ఫలితాలను ఆరు తరగతులుగా విడదీసే పద్ధతి పేరే బెథెస్డా. అందులో 3, 4 ఎటూ తేలనివి. ఇది రిపోర్టు రాసినవాళ్ల తప్పు కాదు. ఫాలిక్యులర్ అనే రకం గడ్డల్లో మామూలు కణితి కణాలూ క్యాన్సర్ కణాలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. గడ్డ చుట్టూ ఉన్న పొరలోకో రక్తనాళాల్లోకో కణాలు చొరబడితేనే అది క్యాన్సర్. సూదితో లాగిన నాలుగు కణాల్లో ఆ పొర ఎలా కనిపిస్తుంది? అందుకే చాలాసార్లు సగం గ్రంథి తీసి చూస్తారు. చాలామందికి అది క్యాన్సర్ కాదని ఆపరేషన్ అయ్యాకే తెలుస్తుంది.

గెలెక్టిన్-3, హెచ్‌బీఎంఈ-1, సైటోకెరటిన్-19 లాంటి మార్కర్ల మీద, అంటే క్యాన్సర్ జాడ చూపే ప్రొటీన్ల మీద, ఆశలు పెరిగింది ఇందుకే. స్లైడు మీద యాంటీబాడీ వేసి రంగు తేలిస్తే, ఆ ప్రొటీన్ ఉన్న కణాలు గోధుమరంగులోకి మారతాయి. చూడ్డానికి తిరుగులేని సాక్ష్యంలాగే ఉంటుంది. కానీ గెలెక్టిన్-3 హషిమోటో వాపు (రోగనిరోధక వ్యవస్థే థైరాయిడ్‌పై దాడి చేసే జబ్బు) ఉన్న గ్రంథిలోనూ, చెత్తను మింగేసే మాక్రోఫేజ్ కణాల్లోనూ కనిపిస్తుంది. ఎటూ తేలని గడ్డలున్న 465 మందిపై 2008లో వచ్చిన అధ్యయనంలో అది క్యాన్సర్లలో 78 శాతాన్నే పట్టింది. పట్టకుండా వదిలేసిన అయిదో వంతు మాటేమిటి?

రక్తపరీక్షతో పని తేలుతుందా అంటే, థైరాయిడ్ తయారుచేసే థైరోగ్లోబులిన్ అనే ప్రొటీన్ గ్రంథి ఉబ్బే మామూలు గాయిటర్‌లోనూ పెరుగుతుంది. దాని అసలు ఉపయోగం గ్రంథి తీసేశాక, జబ్బు తిరగబెట్టిందా అని చూడటానికి. రక్తంలో చూసే కాల్సిటోనిన్ అనే హార్మోన్ గట్టి మార్కరే కానీ, అరుదైన మెడుల్లరీ క్యాన్సర్‌కు మాత్రమే.

నా దృష్టిలో మనం మార్కర్‌ను అడగాల్సింది ‘ఇంకో క్యాన్సర్ పట్టు’ అని కాదు, ‘ఈ ఆపరేషన్ అక్కర్లేదని చెప్పగలవా’ అని. దక్షిణ కొరియాలో స్కానింగులు పెరిగాక, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి. మరణాలు మాత్రం దాదాపు అక్కడే ఉన్నాయి. అంటే అదనంగా పట్టినవాటిలో చాలావరకు ప్రాణం తీసేవి కావన్నమాట.

ఇంకో చిక్కు కూడా ఉంది. పొరలోనే ఉండిపోయే ఒక రకం పాపిల్లరీ (థైరాయిడ్ క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే రకం) గడ్డ పేరులోంచి 2016లో ‘క్యాన్సర్’ అన్న మాటే తీసేశారు. ఇప్పుడు దాని పేరు ఎన్‌ఐఎఫ్‌టీపీ. అంతకుముందు లెక్కల్లో ఆ గడ్డ కూడా క్యాన్సరే. కాబట్టి ఏ మార్కర్ గురించైనా 2016కు ముందు రాసిన శాతాలను, ఆ స్లైడ్లు మళ్లీ చూశాకే ఆధారంగా చూపాలి.