పదకొండు మందికి అయిదు గదులు

తెలుగువాళ్ళకి సముద్రం కొత్త కాదు. రెండో శతాబ్దంలోనే శాతవాహన రాజులు రెండు తెరచాప కొయ్యల ఓడని నాణేల మీద ముద్రించారు. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో, అంటే ఇప్పటి బాపట్ల జిల్లాలో, సముద్ర వ్యాపారుల కోసం అభయశాసనం చెక్కించాడు. మొన్నమొన్నటి దాకా కాకినాడ, విశాఖ, మద్రాసు రేవుల నుంచి మనవాళ్ళు వేలల్లో రంగం వెళ్ళారు. రంగం అంటే రంగూన్. టికెట్టు కొన్నారు, డెక్కు మీద చాప పరిచారు, వెళ్ళారు. అంతే.

అలాంటి జాతిలో పుట్టిన మా కుటుంబం, చెన్నై ఓడరేవుకి పది కిలోమీటర్ల లోపే టి.నగర్‌లో కాపురం ఉంటూ, ఓడలో అయిదు గదులు బుక్ చెయ్యడానికి మూడు నెలల పదకొండు రోజులు తీసుకుంది. ఇది మా చేతకానితనమని కొందరు బంధువులు ప్రచారం చేస్తున్నారు. కాదు. సముద్రయానంలో గండాలన్నీ ఒడ్డునే ఉంటాయన్న సంగతి ఇంతవరకూ ఎవరూ రాసిపెట్టకపోవడమే అసలు లోపం. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ఆలోచన మా బావగారిది. "ఏటా తిరుపతేనా? ఈసారి ఓడ!" అన్నారు, భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ. చెన్నై నుంచి విశాఖ, అక్కణ్ణుంచి పుదుచ్చేరి, మళ్ళీ చెన్నై. అయిదు రాత్రులు. ఆ రాత్రికే మా అబ్బాయి వాట్సాప్ గ్రూపు పెట్టి దానికి 'టైటానిక్ ఫ్యామిలీ' అని పేరు పెట్టాడు. పది నిమిషాల్లో అమ్మ గ్రూపులోంచి వెళ్ళిపోయింది. ఎలా వెళ్ళాలో ఆవిడకి ఎవరు నేర్పారో ఇప్పటికీ తెలియదు. గ్రూపు పేరు 'శ్రీ వేంకటేశ్వర నౌకావిహారం' అని మార్చి, ఆవిడని బతిమాలి వెనక్కి తెచ్చాం.

అమ్మకి ఓడల మీద సొంత అభిప్రాయం ఉంది. వాళ్ళ తాతగారు మద్రాసు రేవులో ఓడెక్కి రంగం వెళ్ళారు. 1942లో జపాను వాళ్ళ బాంబులు పడేసరికి అందరితో పాటు అడవులూ కొండలూ దాటుకుని కాలినడకన వచ్చేశారు. ఆ కథలోంచి మా అమ్మ తేల్చిన సారాంశం ఒకటే: "ఓడలో వెళ్ళినవాళ్ళు నడిచి వస్తారు."

తేదీ దగ్గర మొదటి చిక్కు వచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలకి సెలవులు. అప్పుడు ఓడ ఇక్కడ ఉండదు. నైరుతి రుతుపవనాలకి అరేబియా సముద్రం అల్లకల్లోలమయ్యాక, బొంబాయి వైపు తిరిగే ఓడ ఇటు వస్తుందని ఏజెంటు విడమరిచి చెప్పాడు. ఓడ వచ్చే జూన్‌లోనే బళ్ళు తెరుస్తారు. సరే, రెండు రోజులు బడి ఎగ్గొడితే ఏమవుతుందని జూలై అనుకున్నాం. ఆషాఢం. కొత్త కోడలూ అత్తగారూ ఆషాఢంలో ఒకే గడప దాటకూడదన్న ఆచారం, పెళ్ళైన పద్దెనిమిదేళ్ళకి మా ఆవిడకి గుర్తొచ్చింది. ఓడ తలుపుకి గడప ఉంటుందా అని నేను అడిగాను. నీళ్ళు లోపలికి రాకుండా ఉండాలి కదా, ఉంటుందంది. సెప్టెంబరులో క్వార్టర్లీ పరీక్షలు. ఆ తర్వాత చెన్నైలో వానలు, వాయుగుండాలు. ఎటుచూసినా వరలక్ష్మీ వ్రతానికీ వినాయక చవితికీ మధ్య ఓ సందు మిగిలింది. అందులోనే ఆగస్టు పదిహేను ఉంది కాబట్టి రేటు కూడా అందుకు తగ్గట్టే ఉంది.

ఇక గదులు. ఈ వ్యాసానికి గుండెకాయ ఇదే.

ఓడలో రేటు గదికి కాదు, తలకి. అదీ గదికి ఇద్దరు చొప్పున. దీన్ని ట్విన్ షేరింగ్ అంటారు. ఒక్కడే ఉంటానంటే దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాలి. మూడో మనిషికి కొంత తగ్గిస్తారు గానీ, ఆ మనిషి గోడలోంచి కిందికి దించే పై బెర్తు మీద పడుకోవాలి. మేం మొత్తం పదకొండు మంది: నేను, మా ఆవిడ, అబ్బాయి, అమ్మాయి, అమ్మ, అత్తయ్యగారు, అక్కయ్య, బావగారు, ప్లస్ టూ చదివే వాళ్ళమ్మాయి, బాబాయి, పిన్ని. మా అబ్బాయి ఫోనులోంచి తలెత్తకుండానే చెప్పేశాడు. నాలుగు గదుల్లో ఇద్దరిద్దరు, ఒక గదిలో ముగ్గురు. అక్కావాళ్ళు ఎలాగూ ముగ్గురే. అయిపోయింది.

లెక్క అయిపోయింది. మనుషులే మిగిలారు.

"ఇంటి అల్లుణ్ణి ముగ్గురున్న గదిలో పడుకోబెడతావా?" అని అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి అడిగింది. బావగారు ఏమీ అనలేదు. అనకపోవడమే ఆయన పద్ధతి. కాబట్టి ఆయనకీ అక్కయ్యకీ బాల్కనీ గది, వాళ్ళమ్మాయి వేరే గదిలో. ఆ అమ్మాయినీ మా పాపనీ ఒక గదిలో వేస్తే, పెద్దవాళ్ళు లేకుండా పిల్లలకి గది ఇవ్వం అన్నాడు ఏజెంటు. అమ్మ, అత్తయ్యగారు కలిసి ఒక గదిలో ఉంటారని నేను అనుకోవడం అమాయకత్వం. అమ్మ నాలుగింటికి లేచి సుప్రభాతం పెడుతుంది. అత్తయ్యగారికి లైటు ఉంటేనే నిద్ర. వియ్యపురాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని, "మీ ఇష్టం వదినగారూ", "అబ్బే, మీ ఇష్టమే వదినగారూ" అని నలభై నిమిషాల పాటు ఒకరి మాట ఒకరు కాదనుకున్నారు. అంత మర్యాదగా జరిగిన యుద్ధం నేను ఇంతకుముందు చూడలేదు. లోపలి గదులు సుమారు నూట నలభై చదరపు అడుగులు, కిటికీ ఉండదు. ఆ మర్యాద అందులో పట్టదని నాకే అర్థమైంది.

చివరికి అమ్మకి తోడు అక్కావాళ్ళమ్మాయి, అత్తయ్యగారికి తోడు మా పాప. బాబాయి, పిన్ని ఒకటి. మా అబ్బాయి మా గదిలోకి వచ్చాడు. వాడు ఆరడుగులు. ఓడ ఏదైనా, కుటుంబం ఏదైనా, పై బెర్తు తిరిగి తిరిగి డబ్బు కట్టేవాడి గదిలోకే వస్తుంది. దీన్ని భౌతికశాస్త్రంలో చేర్చాలని నా మనవి.

బాబాయి పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. ఊగే వస్తువుల గురించి ఆయనకి తెలియనిది లేదు. బస్సులో వెనక సీటు ఎక్కువ ఎగురుతుంది చూడు, ఓడా అంతే, నడిమధ్య కింది అంతస్తులో ఉన్నవాడికి కుదుపు తక్కువ, పైన కొసకి వెళ్ళేకొద్దీ ఎక్కువ అన్నారు. అంటే అందరికన్నా తక్కువ డబ్బు కట్టినవాడి కడుపే అందరికన్నా ప్రశాంతంగా ఉంటుంది. అది నిజమే. ఈ మాట విన్న బావగారు బాల్కనీ వదులుకోలేదు, అవోమిన్ మాత్రలు రెండు స్ట్రిప్పులు ఎక్కువ కొన్నారు.

వాస్తు సంగతి టూకీగా చెప్పేస్తాను. ఉత్తరం వైపు తల పెట్టకూడదు. చెన్నై నుంచి విశాఖ వెళ్ళే ఓడ ముక్కు ఇంచుమించు ఈశాన్యంలో ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే ఈశాన్యం తోక వైపుకి పోతుంది. కాబట్టి వెళ్ళేటప్పుడు దిండు ఒక వైపు, వచ్చేటప్పుడు ఇంకో వైపు. మరుగుదొడ్డిని మాత్రం ఎవరూ జరపలేరు కాబట్టి ఆ చర్చని అంతటితో ఆపేశాం.

పేర్ల ఫారం నింపడానికి ఒక ఆదివారం పట్టింది. నా పేరు ముందున్న ఇనీషియల్ మా ఇంటిపేరు. పిల్లలు తమిళనాట పుట్టారు గనక వాళ్ళ ఇనీషియల్ నా పేరు. అత్తయ్యగారి ఆధార్ గుంటూరుది, అందులో ఇంటిపేరు ముందు నిలువెత్తున నిలబడి ఉంటుంది. బావగారి ఇనీషియల్‌ని ఆధార్‌లో విప్పితే వాళ్ళ నాన్నగారు వస్తారు, పాన్ కార్డులో విప్పితే వాళ్ళ ఊరు వస్తుంది. ఏజెంటు ఆ కాగితాలన్నీ ముందేసుకుని, "సార్, మీరు ఒకే ఫ్యామిలీ అన్నారు?" అన్నాడు. అన్నాను. అప్పటికి ఇంకా గదులు పంచుకోలేదు.

డబ్బు దగ్గరికి వస్తే, ఎక్కడైనా బావ గానీ వంగతోట దగ్గర కాదు అన్నారు పెద్దలు. మా ఇంట్లో వంగతోట దగ్గర కూడా బావే. బాల్కనీకి ఎక్కువైన డబ్బు పదకొండు భాగాలుగా పంచబడింది. ప్రకటనలో తలకి ముప్పై రెండు వేలన్నారు. బిల్లులో దాని కింద రేవు రుసుము, సేవా రుసుము, జీఎస్టీ, ఇన్సూరెన్సు బారులు తీరి ఉన్నాయి. సేవా రుసుమంటే టిప్పు. సర్వరు మొహం చూడకముందే, వాడు సాంబారు ఒలకబొయ్యకముందే టిప్పు ఇచ్చెయ్యాలి. పాత తెలుగులో ఓడ కిరాయిని కేవు అనేవారు, ఒక్క మాటలో సరిపోయేది. మోటుపల్లి శాసనంలో గణపతిదేవుడు, ప్రాణం కన్నా ధనమే గొప్పదని ఎంచి సముద్రయానమనే సాహసానికి పూనుకున్నవాళ్ళ మీద దయతో, ఎగుమతుల మీదా దిగుమతుల మీదా ముప్పయ్యో వంతు సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనన్నాడు. మా బిల్లులో సుంకాలన్నీ కలిపితే అసలులో మూడో వంతు తేలాయి. పైగా మేం తీసుకెళ్ళే సరుకు ఆవకాయ ఒక్కటే. అదీ వద్దన్నారు. బయటి తిండి తేకూడదట, కావాలంటే జైన భోజనం ఉందట. "జైనులకున్న పలుకుబడి మనకి లేదా?" అని అమ్మ రెండు రోజులు బాధపడింది.

అడ్వాన్సు కట్టేదాకా ఏజెంటు రోజుకి రెండుసార్లు ఫోన్ చేసి కుశలం అడిగేవాడు. కట్టాక మేమే చెయ్యాల్సి వచ్చింది. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న అన్న సామెతలో మల్లన్న ఎవరో ఆ వారంలో నాకు తెలిసింది.

ఇంత చేశాక, ఒక రాత్రి బాబాయి ఉన్నట్టుండి అడిగారు: "ఒరేయ్, ఇంతకీ ఓడలో మనం ఏం చేస్తాం?"

ఎవరూ మాట్లాడలేదు. తింటాం, పడుకుంటాం అన్నాడు అబ్బాయి. క్యాసినో ఉంటుంది అన్నారు బావగారు, మెల్లగా. ఆ క్యాసినో గొడవ మీదే 2022 జూన్‌లో చెన్నై నుంచి వెళ్ళిన ఓడని పుదుచ్చేరిలో ఆగనివ్వలేదు కదా అని మా ఆవిడ అందుకుంది. సగం తమిళనాడు వారాంతంలో తాగడానికి వెళ్ళే ఊరికి ఓడలోని పేకముక్కలు చూసి సిగ్గు ముంచుకొచ్చిందన్నమాట. పోనీ విశాఖ ఉంది కదా, పగలంతా ఆగుతుంది, కైలాసగిరి చూద్దాం అన్నాను. నేను నోరు జారింది అక్కడే.

పిన్ని పుట్టిల్లు విశాఖ. కైలాసగిరి దారిలోనే వాళ్ళ అన్నయ్యగారి ఇల్లు. దిగి కూడా భోజనానికి వెళ్ళకపోతే ఏం బాగుంటుంది? అక్కడికి వెళ్ళి సీతమ్మధారలో మేనత్తగారింటికి వెళ్ళకపోతే? మర్నాటికల్లా నాలుగు ఇళ్ళయ్యాయి. నాలుగు చీరలు, నాలుగు జాకెట్టు ముక్కలు, పళ్ళు, స్వీట్లు. మొత్తం ఆరుగంటల్లో రెండు భోజనాలు, రెండు టిఫిన్లు. బావగారు కాగితం మీద కూడి చూసి, పొద్దున్న సెంట్రల్‌లో కోరమాండల్ ఎక్కితే రాత్రి భోజనానికి ఇదే ఇంటికి ఇంతకన్నా చవగ్గా వెళ్ళొచ్చని తేల్చారు. ఆలోచన తనదేనన్న సంగతి అప్పటికి మరిచిపోయారు.

అయినా వెళ్ళేవాళ్ళమే. మేనత్తగారు ఫోన్ చేశారు. "మీరు మా ఇంటికి రావడం ఎందుకమ్మా శ్రమ, మేమే పదిమందిమీ ఓడలోకి వస్తాం, చూసి పోతాం" అన్నారు. టికెట్టు లేనివాళ్ళని ఎక్కనివ్వరని ఎంతో వినయంగా చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. "అలాగేలే నాయనా. మీ ఓడ, మీ ఇష్టం." ఆ 'మీ ఇష్టం' ఏ కోవకి చెందినదో మా ఇంట్లో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. ఓడెక్కితే విశాఖలో దిగాలి, దిగితే మొహం చూపించాలి. ఎక్కకపోతే ఏ గొడవా లేదు. ఆ రాత్రే రద్దు చేశాం.

రద్దు నిబంధనలు నేను అప్పుడే మొదటిసారి పూర్తిగా చదివాను. తేదీ దగ్గర పడేకొద్దీ కోత పెరుగుతుంది. మేం నాలుగు రోజులు ముందు పోట్లాడుకుని ఉంటే సగమైనా వచ్చేది. మోటుపల్లి శాసనంలోనే ఇంకో ముక్క ఉంది. పూర్వపు రాజులు, తుఫానులో చెదిరి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా లాక్కునేవారట. తాను ఆ పని చెయ్యనని గణపతిదేవుడి హామీ. మా ఓడ తుఫాను లేకుండానే, టి.నగర్ హాల్లో, సోఫాకీ టీవీకీ మధ్య బద్దలైంది. లాక్కోవడానికి వచ్చింది మాత్రం ఆ పూర్వపు రాజుల వైపువాళ్ళే.

బయల్దేరాల్సిన సాయంత్రం పదకొండు మందిమీ మెరీనాకి వెళ్ళాం. అందరూ ఒకేసారి, ఏ గ్రూపులోనూ చర్చ లేకుండా, రెండు ఆటోల్లో, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బావగారు డ్రైవరు పక్కన ముగ్గురిలో ఒకరుగా. సుండల్ పొట్లాలు కొన్నాం. చీకటి పడ్డాక దూరంగా, రేవు వైపు నుంచి, ఒళ్ళంతా దీపాలతో ఒక ఓడ నెమ్మదిగా కదిలింది. అందరం లేచి నిలబడ్డాం.

"ఒరేయ్, అందులో మన గది ఎక్కడరా?" అంది అమ్మ, కళ్ళజోడు సర్దుకుని.

నేను జవాబు వెతుక్కునే లోపలే బావగారు అందుకున్నారు.

"మీది లోపలి గది కదా అత్తయ్యగారూ, ఇక్కణ్ణుంచి కనపడదు. అదిగో, ఆ పైన వెలుగుతోందే, అది మాది."