డెల్టా చదునే, అందుకే మ్యాప్ చదవడం రావాలి

వారం రోజుల్లో ఆ మెసేజ్ నాకు నాలుగుసార్లు వచ్చింది. పంపినవాళ్ళలో ఇద్దరు నాతో కలిసి జాగ్రఫీ చదువుకున్నవాళ్ళు, నా బాధంతా అదే. "ఫోన్‌లో మ్యాప్ ఉండగా పిల్లలకు మ్యాప్ పాఠాలెందుకు? ఉత్తరం పైన ఉంటుందని తెలిస్తే చాలు. స్కేలు లెక్కలు టైమ్ వేస్ట్. కాంటూర్లు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) కొండ ప్రాంతాలవాళ్ళకి, చదునుగా ఉండే మన గోదావరి జిల్లాలకు అక్కర్లేదు. మ్యాప్ పాయింటింగ్ అంటే ఉత్త బట్టీ." ఇదీ అందులోని సారం. కాలేజీలో పదిహేనేళ్ళుగా ఈ పాఠమే చెబుతున్నాను కాబట్టి ఊరుకోలేకపోయాను.

ఉత్తరం సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. అంతవరకే నేర్పితే పిల్లలు ఏరు మ్యాప్‌లో పైనుంచి కిందికే పారుతుందనుకుంటారు. పటంలో పైన వేరు, ఏటికి ఎగువ వేరు. ఏటా మొదటి వారమంతా నాకు ఈ పొరపాటు దిద్దడంతోనే సరిపోతుంది.

స్కేలు లెక్కలు వేస్టట! నర్సాపురం, సఖినేటిపల్లి ఎదురెదురు ఒడ్డులు, మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ. పోయినేడు ఒకమ్మాయి రెండింటి మధ్య స్కేలు పెట్టి కొలిచి, "ఇంతేనా సార్, నడిచి వెళ్ళిపోవచ్చు" అంది. రేవులో పంటు (జనాన్ని, బళ్ళను దాటించే పెద్ద పడవ) ఆగిపోతే ఎలా వెళ్తావమ్మా అని అడిగాను. పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి, దిండి నుంచి మళ్ళీ దక్షిణానికి వచ్చే రోడ్డు మీద దారం పరిచింది. ఆ దారం తీసి స్కేలు పక్కన పెట్టేసరికి తనకే ఆశ్చర్యం వేసింది. 1:50,000 టోపోషీటులో, అంటే నేల వివరాలు చూపే సర్వే పటంలో, రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. దీనికి పెద్ద లెక్కలేమీ రానక్కర్లేదు.

ఫోన్ దారి చూపిస్తుంది, నేనూ రోజూ వాడతాను. కానీ అది మామూలు రోజు దారి. కనకాయలంక కాజ్‌వే (ఏటికి అడ్డంగా తక్కువ ఎత్తులో వేసిన దారి) వరదొచ్చిన ప్రతిసారీ మునుగుతుంది. ఫోన్ తెర మీద అది కూడా మిగతా రోడ్లలాంటి ఒక గీతే. టోపోషీటులో వంతెనకు ఒక గుర్తు, కాజ్‌వేకు ఒక గుర్తు, పడవ రేవుకు ఇంకో గుర్తు ఉంటాయి. ఏది నీళ్ళ మీద ఉంటుందో, ఏది నీళ్ళ కిందికి పోతుందో వరదకు ముందే తెలుస్తుంది.

ఇక కాంటూర్ల మాట. నన్ను నిజంగా మండించింది ఇదే, ఎందుకంటే దీన్ని నమ్మితే నష్టపోయేది మన పిల్లలే. ఒకటి ఒప్పుకుంటాను: 1:50,000 షీటులో కాంటూర్లు 20 మీటర్లకొకటి గీస్తారు, కాబట్టి కోనసీమ నడిమధ్య ఆ గోధుమరంగు గీత కోసం వెతికినా దొరకదు. అంటే అక్కడ ఎత్తుపల్లాలు లేవనా? ఏటిగట్టు గీత పక్కన చిన్న అక్షరాల్లో 3r అని ఉంటుంది చూడండి. గట్టు పక్క నేలకంటే మూడు మీటర్లు ఎత్తని దానర్థం. మీ ఊరు పేరు ఆ గీతకు ఏటివైపు ఉందా, చేలవైపు ఉందా? ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చిందని టీవీలో చెప్పగానే, సామాను సర్దాలో అక్కర్లేదో ఆ ఒక్క సంగతి చెబుతుంది. లంకల్లోవాళ్ళకు ఇది పరీక్షలో మార్కుల గొడవ కాదు, పశువులను ఎప్పుడు గట్టెక్కించాలన్న గొడవ.

మన డెల్టాను ఆనుకుని ఉన్న కొల్లేరు సంగతి మరిచిపోయారా? 1999లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించినప్పుడు హద్దు పెట్టింది రాళ్ళు పాతి కాదు, సముద్రమట్టం నుంచి +5 అడుగుల కాంటూరుతో. 2006లో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. దాన్ని +3కి దించమని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. తేడా రెండడుగులు, మోకాలి ఎత్తు. ఆ రెండడుగుల మధ్య వేల ఎకరాలు, ఎందరో బతుకులు ఉన్నాయి. కాంటూరు అంటే ఏమిటో తెలియని పిల్లవాడు రేపు తన చెరువు హద్దు లోపలుందో బయటుందో ఎవరినడిగి తెలుసుకుంటాడు? కొండలో రెండడుగుల తేడా ఎవరూ పట్టించుకోరు. అది ఊళ్ళను ముంచేది, తేల్చేది ఇక్కడే. చదును నేల కాబట్టి అక్కర్లేదని రాసినవారు ఒక్క జూలై నెల మా లంకల్లో ఉండి, ఆ మాట అక్కడివాళ్ళ ఎదుట అనాలి.

బట్టీ గురించి రాసింది మాత్రం నిజం. దానికి జవాబు చెప్పలేను. ఖాళీ పటంలో గుర్తులు పెట్టడాన్ని మేమే కంఠస్థం చేయించే పనిగా మార్చాం. గోదావరి గీత ఎక్కడ గీయాలో చెప్పాం, ఆ గీత ధవళేశ్వరం దిగువన గౌతమి, వశిష్ఠలుగా చీలితే మధ్యలో ఊళ్ళకు ఏమవుతుందో అడగలేదు. నా మొదటి అయిదేళ్ళ విద్యార్థుల్లో చాలామంది షీటును చేత్తో కూడా పట్టుకోలేదు. ఆ తప్పు నాది. కానీ తీసేయాల్సింది బట్టీని, మ్యాప్‌ను కాదు.

మీ ఊరి షీటు సర్వే ఆఫ్ ఇండియా వెబ్‌సైట్లో దొరుకుతుంది. ఆ మెసేజ్ ఇంకొకరికి పంపేముందు ఆ షీటు తెరిచి, మీ దగ్గరి గట్టు పక్కన r ముందు ఎంత అంకె ఉందో చూసి నాకు చెప్పండి.